పైకప్పు చెక్కినవాడు

మా ఇల్లు, వంటగది పక్క గది.

ఒరే పిండీ,

బాగున్నావా? నేను బాగానే ఉన్నాను. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది దానికి బుద్ధి పుట్టినప్పుడు వింటుంది. అందుకని ఫోను చెయ్యకు, ఉత్తరమే రాయి. ఫోనులో నువ్వు మాట్లాడుతూనే ఉంటావు, నేను ఊఁ కొడుతూనే ఉంటాను. కాగితం మీదయితే నువ్వు నోరు మూసుకుని చదవాలి.

అసలు సంగతి. మేం వస్తున్నాం. నీ అరబ్బు దేశానికి. ఐదుగురం. నేను, మీ చెల్లెలు, అమ్మాయి, అల్లుడు, తొమ్మిదేళ్ళ మనవరాలు బుడ్డది. వచ్చే చలికాలంలో. అమ్మాయికి ఆసుపత్రిలో పన్నెండు రోజులు సెలవు ఇస్తామన్నారు. దానితో పాటు రక్తం తీసే పని చేసేవాళ్ళు కిందటేడు ఒక టూరు కంపెనీతో అక్కడికి పోయి వచ్చారంట. ఒకడు జెండా పట్టుకుని ముందు నడుస్తాడంట, వీళ్ళు వెనకాల గొర్రెల్లా నడవాలంట. వాడు చూడమన్నప్పుడు చూడాలి, ఎక్కమన్నప్పుడు బస్సెక్కాలి. అమ్మాయి నాతో "మనకి జెండావాడు ఎందుకు నాన్నా, నువ్వున్నావుగా" అంది. ఆ మాటకి నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పదకొండేళ్ళు అక్కడ పని చేసినవాణ్ణి, నాకు దారి ఒకడు చూపించాలా?

నీ నుంచి నాకు కావలసింది ఒక్కటే. ఆ వర్తకుడి ఇంటి హాలు. మన పైకప్పు. దాన్ని ఇప్పుడు జనానికి చూపిస్తున్నారనీ, నువ్వు అక్కడే కాపలా పని చేస్తున్నాననీ రాశావు కాబట్టి మమ్మల్ని లోపలికి తీసుకుపోవడం నీకు పెద్ద పని కాదు. మిగతావన్నీ మేమే చూసుకుంటాం.

నా చెక్కుడు పనికి సున్నపు పిండి కలిపిన ఆ చేతులు ఎలా ఉన్నాయి? నా చేతులు ఇప్పుడు గ్లాసు పట్టుకుంటే వణుకుతున్నాయి. ఉలి పట్టుకుంటే వణకవు. పరీక్షించి చూశాను.

నీ మేస్త్రి


హాలు వెనక వీధి, నా గది.

ప్రియమైన మేస్త్రీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. నీ అక్షరాలు ఇంకా ఉలితో చెక్కినట్టే ఉన్నాయి. పనివాళ్ళ షెడ్డులో ఆరబెట్టిన పిండి పలక మీద మేకుతో నీకు అక్షరాలు దిద్దించిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు నువ్వు నన్ను ఎంత తిట్టేవాడివి!

మీరు వస్తున్నారంటే నాకెంత సంతోషమో చెప్పలేను. చలికాలమే మంచిది. అయితే ఒక సలహా. ఈ పాత ఊళ్ళో ఇప్పుడు ఏమీ లేదు. ఇరుకు వీధులు, దుమ్ము, మెట్లు. చెల్లెమ్మ మోకాళ్ళకి కష్టం. సముద్రం ఒడ్డున మంచి మంచి గదులు కట్టారు. బుడ్డదానికి ఇసుక, నీళ్ళు. అల్లుడుగారు చేపలు పట్టుకోవచ్చు. అక్కడే పది రోజులు ఉండండి. నేనే బస్సెక్కి వచ్చి మిమ్మల్ని చూస్తాను.

ఏ తేదీన వస్తున్నారో తప్పక రాయి.

నీ పిండి


మా ఇల్లు, వంటగది పక్క గది.

ఒరే పిండీ,

సముద్రం మాకు ఇక్కడ కూడా దొరుకుతుంది. సముద్రం చూడడానికి విమానం ఎక్కే వెర్రివాళ్ళం కాదు.

మా ఇంట్లో ఏం జరుగుతుందో చెప్తాను విను. అమ్మాయి బీరువా తలుపు మీద పెద్ద కాగితం అంటించింది. పన్నెండు గడులు గీసింది. ఒక్కో గడి ఒక్కో రోజు. ఎవరికి ఏం కావాలో అందులో రాయమంది. అల్లుడు బస్సు డ్రైవరు కదా, రోజూ బస్సు నడిపేవాడు సెలవులో కూడా "బస్సు కాదు, ఒంటె" అని రాశాడు. మీ చెల్లెలు అన్ని గడుల్లోనూ ఒకటే రాయించింది, నీడ, కుర్చీ, దగ్గర్లో బాత్రూం. బుడ్డది ఏడు గడుల్లో ఐస్‌క్రీం రాసింది. నేను ఆరో గడిలో హాలు అని రాసి చుట్టూ గీత గీశాను. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదన్నాను.

బుడ్డదానికి నేనే అరబ్బీ నేర్పిస్తున్నాను. అది చటుక్కున పట్టేస్తుంది. మొన్న అమ్మాయి ఆసుపత్రికి ఆ దేశం మనిషి ఒకాయన వస్తే బుడ్డదాన్ని ముందు నిలబెట్టి "మాట్లాడవే" అందంట. ఇది మాట్లాడింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడంట. తర్వాత తెలిసింది, నేను నేర్పినవన్నీ "తొందరగా తేరా గాడిదా", "నీ చేతులు విరిగాయా" లాంటివేనని. నేనేం చెయ్యను? ఆ పదకొండేళ్ళూ మనతో వాళ్ళు మాట్లాడినవి అవేగా. అమ్మాయి ఇప్పుడు ఫోనులో చూసి "దయచేసి", "క్షమించండి" నేర్పుతోంది. ఆ మాటలు అరబ్బీలో ఉన్నాయని నాకు ఇప్పుడే తెలిసింది.

హాలు సంగతి నీకు మళ్ళీ చెప్తాను, నీకు మతిమరుపు వచ్చినట్టుంది. ఐదు నెలలు ఆ పరంజా మీద వెల్లకిలా పడుకుని చెక్కాను. నా ముక్కుకీ ఆ పైకప్పుకీ మధ్య జానెడు దూరం. ఇంకో వారంలో పరంజా దించుతారనగా ఇంటి నుంచి కబురు వచ్చింది, మీ చెల్లెలికి కాన్పు కష్టమయిందని. బయల్దేరి వచ్చేశాను. అమ్మాయి పుట్టింది, బతికింది. నాకు మళ్ళీ పోవడం కుదరలేదు. అంటే నేను ఆ పైకప్పుని కింద నిలబడి ఒక్కసారి కూడా చూడలేదురా. ముప్పై ఆరేళ్ళయింది. దాని గురించి మా ఇంట్లో చెప్పి చెప్పి వాళ్ళ చెవులు అరగదీశాను. అమ్మాయిని దాని కింద నిలబెట్టి, తల పైకెత్తించి, ఇదమ్మా అనాలి. దానికోసమే వస్తున్నది. ఒంటె కోసం కాదు.

నీ మేస్త్రి


హాలు వెనక వీధి, నా గది.

ప్రియమైన మేస్త్రీ,

చెప్పడానికి మనసు రావడం లేదు గానీ చెప్పక తప్పదు. హాలు మూసేశారు. పైన నీరు కారుతోందని మరమ్మతులు పెట్టారు. ఏడాది పట్టవచ్చు, రెండేళ్ళు పట్టవచ్చు. లోపల అంతా గుడ్డలు కప్పేశారు. నన్ను కూడా లోపలికి పోనివ్వడం లేదు.

ఇంత దూరం వచ్చి మూసిన తలుపు చూసి పోవడం ఎందుకు? నువ్వు బాధపడతావు. సముద్రం సంగతి మరోసారి ఆలోచించు. లేదా రెండేళ్ళు ఆగు. ఇసుక దిబ్బల మధ్య గుడారాల్లో కూడా బస ఇస్తున్నారంట. ఒంటెలు కూడా ఉంటాయి. అల్లుడిగారి ముచ్చట తీరుతుంది.

చెల్లెమ్మకి నా నమస్కారాలు.

నీ పిండి


మా ఇల్లు.

పిండికి,

రెండేళ్ళు ఆగమన్నావు. నాకు డెబ్బై ఒకటి. నీకు లెక్క రాదా?

నీ ఉత్తరం అమ్మాయికి చదివి వినిపించాను. పాపం నాన్నా అని అది ఫోను తీసింది, ఎప్పుడు తెరుస్తారో చూద్దామని. చూసి ఫోను బోర్లా పెట్టింది. ఏమిటే అన్నాను. ఏమీ లేదంది. ఫోను లాక్కున్నాను. నాకు ఆ చిన్న అక్షరాలు కనబడవు. బుడ్డది చదివింది.

హాలు తెరిచే ఉంది. శుక్రవారం తప్ప రోజూ తెరుస్తారు. కిందటి వారం పోయినవాళ్ళు ఫొటోలు పెట్టారు. గుడ్డలు లేవు, నీరు కారడం లేదు. హాలు మధ్యలో చెక్క కుర్చీ. కుర్చీలో నువ్వు. తెల్లటి చొక్కా, చేతిలో కర్ర. నీ వెనక బోర్డు. ఈ పైకప్పు చేసిన ఉస్తాద్ ఈయనే అని రాసి ఉందంట. ఉస్తాద్ అంటే పెద్ద మేస్త్రి అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉస్తాద్ తానే స్వయంగా అన్నీ వివరిస్తారు, చాలా నెమ్మదస్తుడు అని కూడా రాశారంట.

బుడ్డది చదివి నా మొహం వంక చూసింది. "తాతా, మరి నువ్వు చేశానన్నావుగా?" అంది. అల్లుడు నవ్వాపుకోలేకపోయాడు. "మామయ్యగారు పిండి కలిపి ఉంటార్లే" అన్నాడు. మీ చెల్లెలు వాడి మీద గరిటె ఎత్తింది. కానీ అమ్మాయి వాణ్ణి ఏమీ అనలేదు. నాకు అది గుచ్చుకుంది. అల్లుడి మాట కాదు. అమ్మాయి ఏమీ అనకపోవడం.

కాపలా పని అని రాశావు. ఇన్నేళ్ళూ నాకు అదే రాశావు. నేను నమ్మాను. నీకు చలికి దుప్పటి ఉందా అని అడిగాను కూడా.

నాకు నీ సంజాయిషీ అక్కర్లేదు. మా అమ్మాయికి ఒక ఉత్తరం రాయి. ఒక్క ముక్క చాలు. పైకప్పు చెక్కింది మీ నాన్న అని. అంతే.

మేస్త్రి


నా గది.

మేస్త్రీ,

నువ్వు తిట్టిన తిట్లన్నిటికీ నేను తగినవాణ్ణే. తిట్టనివాటికి కూడా.

ఎలా జరిగిందో చెప్పనీ. నువ్వు వెళ్ళాక పరంజా దించారు. వర్తకుడు వచ్చి పైకి చూశాడు. కదలకుండా నిలబడి చూశాడు. "ఎవరు చేశారు ఇది?" అన్నాడు. హాలులో మేం ఆరుగురం ఉన్నాం. నేను చెయ్యి ఎత్తాను. నీ పేరు చెప్పడానికే ఎత్తాను, నమ్మితే నమ్ము. ఆయన గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. నా చెయ్యి మేస్త్రీ. బొచ్చెలో పిండి తిప్పిన చెయ్యి. అంతవరకూ ఆ చేతిని ఎవరూ పట్టుకోలేదు. నేను దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఇవాళ కాకపోతే రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు.

ఉస్తాద్ అన్న ఆ పేరు మీదే నాకు ఇక్కడ ఉండే కాగితం ఇచ్చారు. ఆ పేరు మీదే పెళ్ళయింది. నా పిల్లలకి కూడా అదే తెలుసు. బోర్డు తీసేస్తే ఈ వయసులో నన్ను ఎక్కడికి పొమ్మంటావు?

హాలుకి రావద్దు. చేతులు జోడించి అడుగుతున్నాను. అమ్మాయికి నేనే ఉత్తరం రాస్తాను. దాని మనసు కుదుటపడేలా రాస్తాను. ఇది నా మాట.

పిండి


మా ఇల్లు, వెనక వరండా.

ఒరే పిండీ,

నెల రోజులు నీకు రాయకూడదనుకున్నాను. మూడు వారాలు ఆగగలిగాను.

నీ ఉత్తరం చేరినట్టుంది. అమ్మాయి నాతో ఏమీ అనలేదు గానీ ఇంట్లో గాలి మారింది. ఎవరూ నవ్వడం లేదు. నేను హాలు గురించి మొదలుపెడితే "అవును నాన్నా, అవును" అంటోంది. అల్లుడు నా చెప్పులు తెచ్చి పెడుతున్నాడు. నిన్న నేను బుడ్డదానికి పరంజా మీద ఎలా పడుకునేవాణ్ణో బల్ల కింద దూరి చూపిస్తుంటే అమ్మాయి వచ్చి నా తల నిమిరింది. ఎప్పుడూ చెయ్యని పని అది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందన్నాను.

కాబట్టి విను. నీ బోర్డు నువ్వే ఉంచుకో. నీ పిల్లల ముందు నీ తల దించడం నాకు అక్కర్లేదు. మా అమ్మాయికి తెలిసింది, నాకు చాలు. నాకు కోపం ఉంది. పోదు. కానీ నువ్వు రాశావు చూడు, దానికి మెచ్చుకున్నాను. ఆ రోజు చెయ్యి ఎత్తిన సంగతి మీ చెల్లెలికి చెప్తే "పాపం" అంది. నేను అనలేదు. అది అంది.

టికెట్లు వచ్చాయి. గదులు అమ్మాయే ఫోనులో మాట్లాడి తీసుకుంది. పాత ఊరికి దగ్గర్లోనే, మెట్లు లేనివి. మేం హాలుకి మామూలు మనుషుల్లా వస్తాం, చూస్తాం, పోతాం. నువ్వు ఆ పూట కుర్చీలో లేకపోతే ఇద్దరికీ మంచిది.

మేస్త్రి


మా ఇల్లు.

ఉస్తాద్ గారికి,

ఇవాళ బీరువా మీది కాగితం చూశాను. ఆరో గడిలో హాలు కొట్టేసి ఉంది. పైన సముద్రం అని అమ్మాయి రాత. ఏమిటే ఇది అంటే "నీకు అలసట నాన్నా" అంది.

నా పాస్‌పోర్టు ఫొటోలు వెతకడానికి దాని ఫైలు తీశాను. అందులో నీ ఉత్తరం ఉంది. చదవకూడదు, దాని పేరున వచ్చింది. కానీ నీ చేతిరాత చూసి నేను అక్షరాలు నేర్చుకున్నాను కదా, కన్ను పడితే చాలు, ఆగకుండా చదివేసింది. ఇన్నేళ్ళయినా నేను తడుముకోకుండా చదివేది నీ రాత ఒక్కటే.

"అమ్మా, మీ నాన్న చాలా మంచివాడు, కష్టజీవి. నాకు పిండి కలిపి అందించేవాడు. వయసు మీద పడ్డాక మనుషులు కన్న కలలు కూడా జరిగినవే అనుకుంటారు. ఆయన్ని ఏమీ అనకు, అవునను. హాలుకి మాత్రం తీసుకురాకు, చూస్తే తట్టుకోలేడు."

అందుకా నా తల నిమిరింది?

పేరు తీసుకున్నావు, అది ఒక పొరపాటు అనుకున్నాను. ఒక్క చెయ్యి ఎత్తడం, ఒక్క క్షణం. కానీ ఈ ఉత్తరం నువ్వు తీరిగ్గా కూర్చుని, కాగితం మడత పెట్టి, జిగురు రాసి పంపావు. నా ఇంట్లో నన్ను పిచ్చివాణ్ణి చేశావు. నా కూతురు చేతే చేయించావు.

ఆ ఉత్తరం ఎక్కడిది అక్కడే పెట్టేశాను. అమ్మాయిని అడగలేదు. కాగితం మీద ఆరో గడిలో సముద్రం కొట్టేసి మళ్ళీ హాలు అని రాశాను. అమ్మాయి చూసింది. ఈసారి కొట్టెయ్యలేదు.

మేం వస్తున్నాం.


నా గది.

మేస్త్రీ,

ఏ రోజు వస్తున్నారో ఒక్క ముక్క రాయి. ఇంకేమీ అడగను.


మా ఇల్లు, వంటగది పక్క గది.

నీకు,

ఏ రోజు వస్తున్నామో నేను రాయలేదు. రాస్తే నువ్వు రావని తెలుసు. నాకు నిన్ను కుర్చీలో చూడాలనిపించింది. చూశాను.

మేం లోపలికి వచ్చేసరికి ఓ ఇరవై మంది ఉన్నారు. నేను గోడ వారగా, టోపీ కళ్ళ మీదికి దించుకుని నిలబడ్డాను. ముందు నీ వంక చూడలేదు. పైకి చూశాను. నక్షత్రాలు, తీగలు, మధ్యలో ఆ పెద్ద చక్రం. జానెడు దూరం నుంచి చూసినవాడికి అది గీతలూ గుంటలే. కింద నుంచి చూస్తే అదంతా తిరుగుతున్నట్టుంది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఒక పక్క రెండు ఆకులు కొంచెం వంకర. అది కూడా చూశాను.

అనుకున్నట్టు అమ్మాయికి ఇదమ్మా అని చూపించలేదు. ఎలా చూపించను? అది నా మోచెయ్యి పట్టుకుని, నేను పడిపోతానేమో అన్నట్టు నా మొహమే చూస్తోంది.

నువ్వు ఆ భాషలో ఏదో చెబుతున్నావు, అందరూ తలలూపుతున్నారు. బుడ్డది జనాన్ని తోసుకుని ముందుకు పోయింది. దాన్ని నేను పంపలేదు. నీ కుర్చీ ముందు నిలబడి తెలుగులో అడిగింది, "తాతగారూ, అంత సన్నగా విరక్కుండా ఎలా చెక్కారండీ?" అని.

నీ చేతిలో కర్ర ఆగిపోయింది. తెలుగు ఎక్కడి నుంచి వచ్చిందా అని తల తిప్పావు. గోడ దగ్గర నేను. నీ చూపు నా మీద నిలిచింది. ఒక ఊపిరి తీసుకునేంత సేపు. ఇప్పుడైనా చెప్తాడు అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అలాగే అనుకున్నాను.

నువ్వు దాని వైపు తిరిగి నవ్వావు. "పిండి బాగా ఆరి, రాయిలా గట్టిపడ్డాక, తీరిగ్గా చెక్కానమ్మా" అన్నావు.

నేను నోరు విప్పకూడదనే వచ్చాను. మీ చెల్లెలికి మాట కూడా ఇచ్చాను. కానీ అది విని ఊరుకోవడం నా వల్ల కాలేదు. "ఆరాక చెక్కితే అంచులు ఊడిపోతాయిరా!" అని అరిచాను. హాలంతా తిరిగి చూసింది. నాకు ఎవరూ కనబడలేదు, బుడ్డది తప్ప. దానికి తప్పు చెప్పావు కదా, సరిచెయ్యాలి కదా. వేలు ఆనిస్తే ముద్ర పడకూడదు, గోరు గీస్తే గీత పడాలి, ఆ రెండింటికీ మధ్య ఉన్న కాసేపే పని అని చెప్పాను. ఆరిపోతున్నట్టుంటే తడిగుడ్డ ఎలా అద్దాలో, ఆకు ముందు చెక్కాలా కాడ ముందు చెక్కాలా, ఉలి ఏ వాలులో పోవాలో, అన్నీ చేతులు పైకెత్తి చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. చేతులు దించేసరికి అమ్మాయి పైకప్పు చూడడం లేదు. నా చేతుల్నే చూస్తోంది.

నువ్వు కుర్చీలో లేవు. ఎప్పుడు లేచిపోయావో నేను చూడలేదు.

బయట బస్సులో అల్లుడు నా పక్కన కూర్చున్నాడు. "మామయ్యగారూ, బస్సు నడిపానని చెప్పి గేరు ఎక్కడుందో తెలియనివాణ్ణి ఇవాళే చూశాను. నేను ఆ రోజు అన్న మాట మరిచిపోండి" అన్నాడు. వాడు మంచివాడే. అమ్మాయి మాత్రం కిటికీ వైపు తిరిగే "ఇంత తెలిసి ఎందుకు నాన్నా నాకు గట్టిగా చెప్పలేదు?" అంది.

"ముప్పై ఆరేళ్ళు చెప్తూనే ఉన్నాను కదమ్మా" అన్నాను.

అది ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు. కొంచెం ఏడవనిచ్చాను. అది కూడా నీ కాగితాన్ని నమ్మి నన్ను నమ్మలేదు కదా. ఆ మిగిలిన ఆరు రోజులూ తిరిగాం. ఒంటె ఎక్కాం, సముద్రం చూశాం. అందరూ నాతో చాలా జాగ్రత్తగా మాట్లాడారు. అది నాకు నచ్చలేదు.

నీ మీద ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యను. కుర్చీలో కూర్చో. నీ పిల్లలకి నువ్వు ఉస్తాద్‌వే.

కానీ నువ్వేం చేశావో నీకు తెలియాలి. ఆ ఐదు నెలలూ నేను పని చేస్తుంటే కింద నిలబడి చూసినవాళ్ళలో మిగిలింది నువ్వొక్కడివే. మిగతావాళ్ళు పోయారు. నేను చెప్పేది నిజమని చూసి తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడు ఉన్నాడు, దూరాన ఉన్నా ఉన్నాడు అనుకుని ఇన్నేళ్ళు ధైర్యంగా ఉన్నాను. అతనిప్పుడు లేడు. ఇంకో సంగతి, అది నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు కలిపినట్టు పిండి కలిపినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అంత ఆలస్యంగా ఆరేది కాబట్టే ఆ సన్నపని కుదిరింది. ఆ మాట చెప్పుకుని ఆ కుర్చీలో కూర్చున్నా నీకు గౌరవమే దక్కేది. నువ్వు దాన్ని కూడా పారేసి, అది నేను చేశానని రాశావు.

ఇక నాకు రాయకు. వచ్చినా విప్పను.

మళ్ళీ ఏ పిల్లయినా వచ్చి అడిగితే తడి మీద చెక్కారని చెప్పు. పేరు ఎవరిదైనా పెట్టుకో. పని మాత్రం తప్పు చెప్పకు.